రాజు వేసిన గుర్రపు ఎత్తు

వికారాబాదులో మా పిల్ల ఓడిపోలేదు. ఓడించారు. ఆట ఆమెది, ఎత్తు ఆమెది, ఈల మాత్రం వాళ్ళది. ఈ మాట నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను, రేపు నన్ను నలుగురూ మోసుకుపోతున్నప్పుడు దారిలో వికారాబాదు వాళ్ళెవరైనా ఎదురుపడితే లేచి కూర్చుని మరీ అంటాను.

ఆ రోజుల్లో తాండూరులో పిల్లలకు ఆలోచించడం నేర్పాలని ఎవరికీ తోచేది కాదు. పలక మీద దిద్దడం నేర్పేవారు, ఎక్కాలు గొంతెత్తి అరవడం నేర్పేవారు, పెద్దలు వస్తే చేతులు కట్టుకుని నిలబడడం నేర్పేవారు. ఆలోచన అనేది మీసాలతో పాటు దానంతటదే వస్తుందని అందరి నమ్మకం. (మీసాలు వచ్చి, అది మాత్రం రానివాళ్ళను నేను చాలామందిని చూశాను. కొందరి కింద పని కూడా చేశాను.) నా చదువు ఉర్దూ నాలుగో తరగతి. పోలీసు చర్య జరిగిన ఏడాది బడి మూతపడింది. మళ్ళీ తెరిచేసరికి బడిలో భాషే మారిపోయింది. నేను ఇక ఆ గడప తొక్కలేదు. తెలుగు అక్షరాలు దుకాణాల బోర్డుల మీద, శనగలు కట్టిచ్చిన కాగితాల మీద నేర్చుకున్నాను. అందుకే నాకు తెలిసిన చాలా కథలకు చివర ఉండదు. పొట్లం కాగితం అక్కడికే చిరిగి ఉంటుంది.

ఇరవై రెండేళ్ళ వయసులో నేను బండల షెడ్డులో గీతలు కొట్టేవాణ్ణి. అంటే గనిలోంచి వచ్చిన నాపరాతి బండ మీద, జాజులో ముంచిన దారాన్ని రెండు వైపులా బిగబట్టి ఒక్కసారి వదిలితే ఎర్రగా గీత పడుతుంది, ఆ గీత వెంట రాళ్ళు కొట్టేవాళ్ళు ఉలి నడిపిస్తారు. అదీ నా ఉద్యోగం. పిల్లలందరికీ నేను ‘గీతల మామ’ను. షెడ్డు పక్కన వేపచెట్టు నీడలో మున్షీ సాబు కూర్చునేవాడు. ఒకప్పుడు కచేరీలో ఉర్దూ రాతకోతలన్నీ ఆయనవే. ప్రభుత్వం మారాక ఆయన ఉర్దూతో ఎవరికీ పని లేకపోయింది, ఆయనకు షత్రంజ్‌తో తప్ప వేరే పని లేకపోయింది. ఎదుట కూర్చోవడానికి ఎవరో ఒకరు కావాలి కాబట్టి నాకు ఆ చదరంగం ఆట నేర్పాడు. బంటు ఒక్క గడి నడుస్తుంది, ఒంటె మూలగా పోతుంది, ఏనుగు తిన్నగా పోతుంది, గుర్రం రెండు గడులు పోయి పక్కకు తిరుగుతుంది. ఇక రాజు, పాపం, ఎటైనా ఒక్కటే అడుగు. “కానీ యాద్ పెట్టుకో బేటా,” అన్నాడు మున్షీ సాబు వేలెత్తి. “ఎవ్వరు షా అనక ముందు, ఆట మొత్తంల ఒక్కసారి, ఒక్కటే సారి, బాద్‌షా గుర్రం లెక్క దుంకొచ్చు. గద్దె మీద కూసున్నోనికి గంత హక్కన్న లేకపోతే ఎట్ల?” ఆ మాట అన్నప్పుడు ఆయన కళ్ళు కొంచెం తడిశాయి. (షా అంటే ‘నీ రాజు మీదికి వస్తున్నాను’ అనే హెచ్చరిక.) నేను దాన్ని వేదవాక్కుగా తీసుకున్నాను.

ఆ ఆట నాలో చేసిన మార్పు నాకే ఆశ్చర్యం. అంతకు ముందు కోపం వస్తే చెయ్యి లేచేది. తర్వాత, చెయ్యి లేచే ముందు ‘నేను కొడితే వాడేం చేస్తాడు’ అనే ప్రశ్న లేచేది. (చాలాసార్లు జవాబు ‘వాడు నాకంటే గట్టిగా కొడతాడు’ అనే వచ్చేది, చెయ్యి దిగేది.) ఇంత గొప్ప విద్య రాళ్ళు కొట్టేవాళ్ళ పిల్లలకు రాకుండా పోతున్నదే అని నాకు ఒకటే బాధ. ఒక పనికిరాని బండ తీసుకుని, మూరెడు చదరంగా కొట్టించి, అరవై నాలుగు గడులు గీశాను. ఒక గడి నునుపుగా, పక్క గడి గరుకుగా ఉలితో చెక్కాను. చింతగింజలు బంటులయ్యాయి, రాతి పెచ్చులు ఏనుగులూ గుర్రాలూ అయ్యాయి. తండ్రులకు సద్ది తెచ్చే పిల్లలను పట్టుకుని బండ చుట్టూ కూర్చోబెట్టాను.

నేను ఎవరి దగ్గరా బోధన నేర్చుకున్నవాణ్ణి కాదు కాబట్టి నా పద్ధతి నాదే. ఒకటి: రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చోవాలి. రెండు: ఎత్తు వేసే ముందు ‘నేను గిట్ల వెడితే గాయన ఏం జేస్తడు’ అని పైకి, అందరికీ వినబడేట్టు చెప్పాలి. పైకి చెప్పని ఆలోచన ఆలోచన కాదు, కునుకు అని నా సిద్ధాంతం. నెల తిరగకుండానే ఫలితం కనబడింది. బషీరాబాదు నుంచి వచ్చి స్థిరపడిన ఒక రాళ్ళు కొట్టే ఆయన ఉలి పట్టుకునే నా మీదికి వచ్చాడు.

“గీతలాయనా, నా బిడ్డకు ఏం నేర్పినవయ్యా?”

“ఏమైంది?”

“ఇంట్ల నీళ్ళు లెవ్వు, బాయికి పోయిరావే అంటే, చేతులు కిందవెట్టుకోని కూసుంటది. ‘నేను బాయికి పోతే నువ్వేం జేస్తవు నాయినా’ అని అడుగుతది. నేను బీడీ తాగుత అంటే, ‘అయితే బీడీ బదులు పొయ్యి ముట్టియ్యి, నేను నీళ్ళు తెచ్చేసరికి మంట అందుకుంటది’ అంటది. పదేండ్ల పోరి! ఇంట్ల నేను బంటునయిపోయిన!”

నాకు పద్మశ్రీ వచ్చినంత సంబరమైంది. ఆ పిల్లే బషీరాబాదు పిల్ల. మేమందరం అలాగే పిలిచేవాళ్ళం. తల్లి కన్నడం మనిషి కావడంతో ఆ పిల్లకు తెలుగూ కన్నడమూ రెండు చేతుల్లా ఉండేవి. ఆమెతో పాటు లొడలొడ అనే పిల్లవాడు (నోరు ఆగేది కాదు), గుండు అనే పిల్లవాడు (నోరు తెరిచేవాడు కాదు, తల మాత్రం ఎప్పుడూ గొరిగించి ఉండేది) నా ముఖ్య శిష్యులు.

షెడ్డులో రాతి దుమ్ము ఎక్కువ కాబట్టి బడి వరండా అడిగాను, ఆదివారం పొద్దుటి పూట మాత్రమే. పెద్దసారు కళ్ళజోడు మీదుగా చూశాడు. “పాచికలాట బడిల పెట్టుమంటవా?” అన్నాడు. “పాచికలు లెవ్వు సార్, గిది బుద్ధితోని ఆడేది,” అన్నాను. “నీకెంత బుద్ధున్నదో నీ చదువు చెప్తున్నది గదా,” అన్నాడు. నేను ఊరుకునేవాణ్ణా? వారం వారం వెళ్ళి నిలబడ్డాను. నా పోరు పడలేక చివరికి ఒక కాగితం నా ముందు పడేశాడు. వికారాబాదులో బడుల మధ్య చదరంగం పోటీ పెడుతున్నారట, ప్రతి బడి నుంచి ముగ్గురు రావచ్చట. “మన బడి పేరు మీద తీస్కపో. ఒక్కరన్న కప్పు తెస్తే వరండా నీది. తేకపోతే గా బండ, గా ముచ్చట, రెండు మల్ల నా ముంగటికి రావద్దు,” అన్నాడు. వరండా అప్పుడే నాదైపోయినట్టు, ఏ స్తంభం దగ్గర ఏ పిల్లవాణ్ణి కూర్చోబెట్టాలో కూడా ఇంటికి వెళ్ళేలోగా నిశ్చయించేశాను.

పోటీకి బండను కూడా తీసుకుపోయాం. నవ్వకండి. మా పిల్లలు నునుపు గడి, గరుకు గడి వేలితో తడిమి ఎత్తు వేసేవాళ్ళు; చెక్క పలక మీద వాళ్ళకు చెయ్యి ఆడదని నా భయం. గోనె సంచిలో బండ పెట్టి, ఒక కొస నేను, ఒక కొస గుండు పట్టుకుని, పొద్దుటి ప్యాసింజరు ఎక్కాం. రైలంతా కిక్కిరిసి ఉంది. సంచిలోంచి చెక్కిన రాతి అంచు సమాధి రాయిలా కనబడగానే ఒక పెద్దమనిషి లేచి నిలబడి చోటిచ్చాడు. పక్కాయన తలపాగా తీశాడు. ధారూరు దాకా ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఒక ముసలమ్మ గుండు గొరిగిన తల నిమిరి, “అయ్యో కొడుకా, ఎవరు వోయిండ్రు? నాయినా, అమ్మనా?” అని అడిగింది. ఎప్పుడూ నోరు తెరవని గుండు అప్పుడు తెరిచి, “ఇంక ఎవ్వరు వోలేదవ్వా, పోటీకి పోతున్నం,” అన్నాడు. ఆ తర్వాత మాకు చోటు దొరకలేదు.

వికారాబాదు బడి హాల్లో బల్లలు వేసి ఉన్నాయి. పోటీ నడిపించే ఆయన డ్రిల్లు మాస్టరు. మెడలో ఈల, చేతిలో సన్నటి పుస్తకం. మేమాయనకు అక్కడికక్కడే ‘ఈల సారు’ అని పేరు పెట్టుకున్నాం. మా బండ చూడగానే, “గిది బల్ల మీద వెడితే బల్ల ఇరుగుతది, బయట వెట్టుండ్రి,” అన్నాడు. అదీ మొదటి అన్యాయం. రెండో అన్యాయానికి కారణం నా సిద్ధాంతమే, ఒప్పుకుంటాను. లొడలొడ చేతులు తొడల కింద పెట్టుకుని, హాలంతా వినబడేట్టు ఆలోచించడం మొదలుపెట్టాడు: “నేను గీ బంటును జరిపితే గాయన గుర్రంతోని కొడ్తడు. కొట్టనీ. గప్పుడు నేను మంత్రిని గుంజుకుంట. నా మంత్రి ఎనుక ఒంటె ఖాళీగున్నది గానీ, అది గాయన చూడలే, మంచిగయింది.” ఎదుటి పిల్లవాడు వంగి చూసి, “ఇగ చూసిన,” అని ఒంటెను ఎత్తుకుపోయాడు. ఇలా లొడలొడ తన బలగమంతా ఒక్కొక్కటే స్వయంగా పరిచయం చేసి అప్పగించాడు. ఈల సారు పరుగెత్తుకొచ్చి, “నోర్లు మూస్కోని ఆడుండ్రి!” అని ఈల ఊదాడు. దాంతో గుండుకు కష్టం వచ్చింది. మామూలుగా నోరు తెరవనివాడు ఆ ఒక్క ఆటలోనే తెరిచేవాడు. అదీ మూయమంటే ఇక ఆలోచన ఎక్కడినుంచి వస్తుంది? అరగంట అలాగే కూర్చుని, చెమటలు పట్టి, చేతికి ఏది తగిలితే అది జరిపి, హాయిగా ఓడిపోయి వచ్చాడు.

మిగిలింది బషీరాబాదు పిల్ల. ఆమె పెదవులు కదులుతున్నాయి, సన్నగా మాట కూడా వినబడుతోంది. ఇక ఈల తప్పదనుకున్నాను. ఈల సారు దగ్గరికి వెళ్ళి చెవి పెట్టి విన్నాడు. తర్వాత ఏమనుకున్నాడో ఈల కిందికి వదిలి, రెండు చేతులూ జోడించినంత పని చేసి వెనక్కి వచ్చాడు. “పిల్ల ఏదో స్తోత్రం చదువుతున్నది, చదువుకోనీ,” అని పక్కాయనతో అన్నాడు. నేను నెమ్మదిగా వెనక నిలబడి విన్నాను. ఆ పిల్ల కన్నడంలో ఆలోచిస్తోంది. ‘అవ ఏన్ మాడ్తాన, అవ ఏన్ మాడ్తాన’ అని. వాడేం చేస్తాడు, వాడేం చేస్తాడు! ఎదుటివాడికి ఒక్క ముక్క అర్థం కాదు. ఇద్దరిని వరసగా ఓడించి, చివరి ఆటకు వచ్చింది.

చివరి ఆటలో ఎదుటివాడు కోటు తొడుక్కున్న పిల్లగాడు. వకీలు గారి అబ్బాయట. బాగానే ఆడాడు, నేనేం కాదనను. మా పిల్ల రాజు చుట్టూ వాడి గుర్రమూ ఏనుగూ మంత్రీ కాపు కాశాయి. ఇంకొక్క ఎత్తు దొరికితే ఆటకట్టు. కానీ అప్పటిదాకా ఒక్క షా కూడా చెప్పలేదు. అది గమనించండి. అదే కీలకం. మా పిల్ల చేతులు తొడల కింద పెట్టుకుంది. చాలాసేపు కన్నడం గొణిగింది. తర్వాత కుడి చెయ్యి తీసి రాజును పట్టుకుంది. పట్టుకుని, తన బంటుల వరస మీదుగా, గుర్రంలా ఒక్క దూకు దూకించింది! రాజు వలలోంచి బయటపడ్డాడు. ఆయన లేచిన చోటుగుండా మా ఏనుగుకు దారి తెరుచుకుని, కోటు పిల్లగాడి రాజుకే చిక్కు వచ్చింది. అంత అందమైన ఎత్తు నేను మళ్ళీ చూడలేదు. మున్షీ సాబు ఉంటే ఏడ్చేవాడు.

“సార్!” అని కోటు పిల్లగాడు కేక పెట్టాడు. “రాజు దుంకిండు!”

ఈల మోగింది.

“రాజు ఒక్క గడే నడుస్తడు. గీ ఎత్తు చెల్లదు,” అన్నాడు ఈల సారు.

నేను బెంచీలు దాటుకుని ముందుకు వెళ్ళాను. “నడుస్తడు సార్, ఎవరు కాదన్నరు? ఒక్కసారి మాత్రం గుర్రమెక్కుతడు. ఇంక షా పడలే. ఆయన హక్కు ఆయనకున్నది.”

“ఎవరన్నరు?”

“మున్షీ సాబ్ అన్నడు.”

“గాయనెవరు?”

“షత్రంజ్ తెలిసినోడు.”

“గీ పుస్తకంల ఏడుందో చూపియ్యి,” అని ఆ సన్నటి పుస్తకం నా ముఖం ముందు ఆడించాడు.

“పుస్తకం మీది సార్. ఆట మాది. నిన్న మొన్న అచ్చేసినోడు బాద్‌షా కాళ్ళు ఇరగ్గొడ్తడా?” అన్నాను. హాల్లో కొందరు చప్పట్లు కొట్టారు. (వాళ్ళు గుండూ లొడలొడా అని తర్వాత తెలిసింది.)

ఈల సారు ఆ రాజును వెనక్కి తెచ్చి పాత గడిలో పెట్టాడు. “ముట్టుకున్నది రాజును. రాజునే జరపాలె. ఒక్క గడి,” అన్నాడు. ఆ రాజుకు పోవడానికి ఒకే ఒక్క గడి ఉంది. అక్కడికి పోతే తర్వాతి ఎత్తుకు ఆటకట్టు. ఆ పిల్ల జరిపింది. వాడు కట్టాడు. కప్పు ఇచ్చారు, వాడికి. ఆ సమయంలో మా పిల్ల ఏడుస్తుందేమో, ఎత్తుకుని అందరి ముందూ ఒక ఉపన్యాసం ఇద్దామని నేను సిద్ధంగా ఉన్నాను. తీరా చూస్తే ఆ పిల్లా కోటు పిల్లగాడూ మళ్ళీ బల్ల మీదికి వంగి ఉన్నారు.

“నీకు గా ఎత్తు తెల్వదా?” అంటోంది మా పిల్ల.

“తెల్వదు. ఎట్ల దుంకిస్తరు?”

“గిట్ల. షా పడక ముందే. ఒక్కటే సారి.”

“మస్తున్నది!” అన్నాడు వాడు, కప్పు పక్కన పెట్టి.

తిరుగు రైల్లో నేను ఒక్కణ్ణే పోట్లాడుతున్నాను, ఎదురుగా ఎవరూ లేకపోయినా. పిల్లలు జామకాయలు తింటున్నారు. “మామా, గింత పరేషాన్ ఎందుకు? వరండా పోతదనా?” అని అడిగింది బషీరాబాదు పిల్ల. నేను కిటికీ వైపు తిరిగి నా పోట్లాట కొనసాగించాను.

వరండా పోయింది. పెద్దసారు ఒక్క మాట కూడా వినలేదు. “ఓడిండ్రా, గెలిచిండ్రా? గది చెప్పు,” అన్నాడు. “ఓడించిండ్రు,” అన్నాను. “అంటే ఓడిండ్రు,” అన్నాడు. పైగా నేను వరండాలో దించిన మా బండను బడి జవాను మంచినీళ్ళ కుండ కింద పీటగా వేశాడు. మరుసటి ఆదివారం నేను వెళ్ళి చూస్తే, పిల్లలు కుండ కింద పోయిన గడులను ‘చెరువు’ అనుకుని, చెరువులోకి ఏ గుర్రమూ దిగకూడదని నియమం పెట్టుకుని, కుండ చుట్టూ కూర్చుని ఆడుతున్నారు. ఎవరైనా నీళ్ళు ముంచుకోవడానికి వస్తే ‘జర ఆగుండ్రి, ఆలోచిస్తున్నం’ అంటున్నారు. వాళ్ళకు అదే చాలు. నాకు చాలలేదు.

పై కచేరీకి దరఖాస్తు రాశాను. ‘సదరు బాలిక ఓడలేదని ప్రకటించవలెను, మా వరండా మాకు ఇప్పించవలెను’ అని. జవాబు లేదు. మరుసటి ఏడు సరిగ్గా అదే నెలలో ఇంకోటి. తెలుగు రానివాళ్ళున్నారేమోనని మూడోది ఉర్దూలో. మాటలతో అర్థం కావడం లేదేమోనని నాలుగోదానికి బండ పటం గీసి, ఏ గడిలో ఎవరున్నారో రాసి జతపరిచాను. అది ఎక్కడెక్కడ తిరిగిందో, ఒక రోజు భూములు కొలిచే గిర్దావరు గొలుసుతో సహా షెడ్డుకు వచ్చాడు. “గీ అరవై నాలుగు ప్లాట్లు ఏడున్నయి? రాజు అనేటాయన పక్కోల్ల జాగలకు దుంకిండని ఫిర్యాదున్నది. పట్టా ఎవరి పేరు మీదున్నది?” అన్నాడు. ఆయనకు అర్థమయ్యేట్టు చెప్పేసరికి పొద్దుగూకింది. పోతూ పోతూ మాత్రం, “ఎవ్వరు షా అనకపోతే దుంకొచ్చు గదా,” అన్నాడు. ఊళ్ళో ఒక్క న్యాయమైన అధికారి ఉన్నాడని ఆ రోజు సంతోషించాను.

ఇక్కడ ఒక మాట, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పనిది, చెప్పేస్తాను. పెద్దసారు నా ముందు పడేసిన ఆ పోటీ కాగితం వెనకవైపు పోటీ నియమాలన్నీ ఉన్నాయి. ఇంగ్లీషులో, టైపు చేసి. నేను చూడలేదు. చూడకపోవడానికి కారణముంది: ఆ రోజుల్లో కాగితం కొరత; కచేరీల నుంచి వచ్చే ప్రతి నోటీసూ ఏదో పాత ఫారం వెనకే రాసి వచ్చేది. వెనకవైపు ఉన్నది ఎప్పుడో చచ్చిపోయిన వ్యవహారమని ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తిప్పి చదివేవాణ్ణి పిచ్చివాడనేవారు. ఆరో దరఖాస్తు రాసేటప్పుడు పాత కాగితాలు తిరగేస్తుంటే అది బయటపడింది. ఇంగ్లీషు వచ్చిన ఒక టికెట్ కలెక్టరు చేత చదివించుకున్నాను: రాజు గుర్రంలా దూకరాదని అందులో స్పష్టంగా ఉంది. ‘ఎదుటివాడేం చేస్తాడో ఆలోచించు’ అని ఊరి పిల్లలకంతా నేర్పిన నేను, కాగితం తిప్పి చూడాలని ఆలోచించలేదు. అయినా ఆరో దరఖాస్తు పంపాను. ఏడూ ఎనిమిదీ కూడా. న్యాయం కాగితానికి ఏ వైపున ఉంటే మాత్రమేం, న్యాయం న్యాయమే.

తొమ్మిదోది పంపేనాటికి బషీరాబాదు పిల్ల నిజంగానే బషీరాబాదు చేరి, అక్కడి చిన్నపిల్లలకు అక్షరాలు చెబుతోంది. ఒకసారి బండల పని మీద అటు పోయి చూశాను. నేల మీద గడులు గీసి, పిల్లల చేతులు తొడల కింద పెట్టించి, తెలుగులోనూ కన్నడంలోనూ గొణిగిస్తోంది. రాజును దూకనిస్తోంది కూడా. నా కడుపు నిండిపోయింది. “నీ కేసు వదల్లేదమ్మా, మల్ల రాసిన,” అన్నాను గర్వంగా. ఆ పిల్ల ఒక పిల్లవాడి చెయ్యి మళ్ళీ తొడ కిందికి తోస్తూ, “ఏ కేసు మామా?” అంది.

ఆ నెలలోనే జవాబు వచ్చింది. ఇప్పుడు తీసి చదువుకుంటే నవ్వొస్తుంది. ఆ రోజు మాత్రం ముందు కాగితం తిప్పి వెనకవైపు చూశాను. ఖాళీగా ఉంది. ముందువైపు ఇలా ఉంది:

“తమరి తొమ్మిదవ దరఖాస్తు అందినది. ఈ కచేరీలోని కాగితములన్నియు వెదికించితిమి. సదరు చదరంగపు పోటీ జరిగినట్లు గాని, అందు ఎవరైనను గెలిచినట్లు గాని ఎట్టి దాఖలాయు లేదు. సదరు బాలిక ఓడినట్లు తెలుపు కాగితములు తమరు వ్రాసిన తొమ్మిది దరఖాస్తులు మాత్రమే. వాటిని వాపసు తీసుకొనుటకు తమకు సమ్మతమేనా, తెలుపవలెను.”